గ్రూపు మారింది, గమనించగలరు

"మిత్రులకు విజ్ఞప్తి. మన ప్రోగ్రామర్ల గ్రూపు ఈ ఆదివారం అర్ధరాత్రి నుంచి కొత్త ప్లాట్‌ఫారానికి మారుతోంది. పాత గ్రూపులో ఎవరూ పోస్టు చేయరాదు. లింకు కింద ఇచ్చాం. అది ఏడు రోజులే పనిచేస్తుంది. సహకరించగలరు. ఇట్లు, అడ్మిన్లు."

ఈ నోటీసు ఏ గ్రూపుదని అడక్కండి. బొంబాయి రోడ్డు మీద రామచంద్రాపురంలో బయల్దేరి సదాశివపేట చేరేలోపు ఎవరి ఫోను అడిగి చూసినా ఇలాంటిది ఒకటి దొరుకుతుంది. ఎన్నికలకైనా అయిదేళ్లు ఆగుతారు గానీ గ్రూపు మార్పిడికి ఆ పాటి ఓపిక లేదు.

ప్రోగ్రామర్ అనగానే గచ్చిబౌలిలో ఏసీ గదిలో కాఫీ కప్పుతో కూర్చున్నవాడే జనానికి గుర్తొస్తాడు. మన పటాన్‌చెరు పారిశ్రామిక పట్టీలో లెక్క వేరు. పాశమైలారంలో యంత్రాలను నడిపే పీఎల్‌సీకి ల్యాడర్ లాజిక్ రాసేవాడు, బొల్లారం మందుల కంపెనీలో ఈఆర్‌పీ చూసేవాడు, రుద్రారంలో బీటెక్ మూడో ఏడు చదివే అమ్మాయి, కంది ఐఐటీలో పరిశోధన చేసే కుర్రాడు, ఇక్రిశాట్‌లో కంది పంట లెక్కలకు స్క్రిప్టులు రాసే మనిషి, అందరూ ప్రోగ్రామర్లే. ఒకరి భాష ఒకరికి సగమే అర్థమవుతుంది. అయినా ఒకే గ్రూపులో ఉంటారు, ఎందుకంటే ఏదో ఒకరోజు ఏదో ఒకటి ఆగిపోతుంది.

సాధారణంగా నైట్ షిఫ్టులోనే ఆగుతుంది. మోటారు డ్రైవ్‌కీ పీఎల్‌సీకీ మధ్య మోడ్‌బస్ మాటలు బంద్ అవుతాయి. లైను నిలబడిపోతుంది. షిఫ్ట్ ఇన్‌చార్జి వచ్చి నెత్తిన నిలబడతాడు. కుర్రాడు ఫోను తీసి, "అన్నా, కమ్యూనికేషన్ వస్తలేదు, ఏం జెయ్యాలె?" అని కొడతాడు. ఆ ప్రశ్నకు ఎప్పుడో ఎవరో పెద్దాయన రాసిపెట్టిన జవాబు ఉంటుంది: ఏ, బీ వైర్లు తారుమారయ్యాయేమో చూడు. బాడ్ రేటు, పారిటీ రెండువైపులా ఒకటేనా చూడు. రెండు డ్రైవ్‌లకి ఒకే స్లేవ్ నంబరు ఇచ్చావేమో చూడు. కేబుల్ చివర 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉందో లేదో చూడు. నాలుగు లైన్లు. మాన్యువల్లోనూ ఇవి ఉంటాయి గానీ నాలుగు వేర్వేరు అధ్యాయాల్లో, ఇంగ్లీషులో, పట్టపగలు టీ తాగుతూ చదువుకునేవాడి కోసం ఉంటాయి.

ఆ నాలుగు లైన్లే గ్రూపు ఆస్తి. మిగతాదంతా గుడ్ మార్నింగులు, పండగ శుభాకాంక్షలు, వాక్-ఇన్ ఇంటర్వ్యూ ఫార్వర్డులు. మార్పిడి జరిగినప్పుడల్లా ఫార్వర్డులు క్షేమంగా కొత్త చోటికి వచ్చి చేరతాయి. ఆ నాలుగు లైన్లు మాత్రం రావు.

మార్పిడికి కారణం ఎప్పుడూ గొప్పదే. 2021 జనవరిలో వాట్సాప్ కొత్త ప్రైవసీ పాలసీ తెచ్చి ఫిబ్రవరి 8 లోపు ఒప్పుకోమంది. గొడవ చూసి గడువును మే 15కి జరిపింది. ఆ నడిమధ్యన అడ్మిన్లకు పౌరహక్కులు గుర్తొచ్చాయి. సిమ్ కార్డు కొట్లో, లాడ్జిలో, చిట్‌ఫండ్ ఆఫీసులో ఆధార్ జిరాక్సు అడగకముందే తీసిచ్చే మనిషి లేచి, "మన డేటా మన హక్కు" అన్నాడు. జనం టెలిగ్రామ్‌కు ఎక్కారు. వాట్సాప్ గ్రూపు మూయలేదు, "ప్రకటనల కోసం" ఉంచారు. ఏ ప్రకటనలు? "మనం టెలిగ్రామ్‌కు మారాం" అనే ప్రకటన.

తర్వాత ఎవరికో ఆఫీసు హోదా కావాలనిపించింది. స్లాక్‌కు పోయారు. స్లాక్ ఉచిత ఖాతాలో చివరి 10,000 సందేశాలే కనిపించేవి. మనవాళ్లు 10,000 గుడ్ మార్నింగులు ఎంతలో కొట్టేస్తారో మీకు తెలుసు. పెద్దాయన జవాబు వాటి వెనక్కి పోయింది. 2022 సెప్టెంబరు 1 నుంచి ఆ లెక్క తీసేసి, 90 రోజుల నాటివే చూపిస్తామన్నారు. అప్పటికైనా పాతవి గోడ అవతల ఉన్నాయని, డబ్బు కడితే తలుపు తీస్తారని ఆశ ఉండేది. 2024 ఆగస్టు 26 నుంచి ఉచిత ఖాతాల్లో ఏడాది దాటిన సందేశాలను చెరిపేయడమే మొదలుపెట్టారు. కంపెనీని తిట్టి లాభం లేదు, వాళ్లు వ్యాపారం చేస్తామనే చెప్పారు. ఆ షరతులు చదవకుండానే "ఆజీవన సభ్యత్వం" ప్రకటించినవాళ్లు మనవాళ్లు.

ఈ మధ్యలోనే దిగాడు స్వేచ్ఛావాది. "ఎవడి సర్వరూ కాదు, అందరి సర్వరు" అన్నాడు. మ్యాట్రిక్స్ అనే చాట్ ప్రోటోకాల్ పేరు చెప్పాడు. మాట తప్పు కాదు. మోజిల్లా అంతటిది తన పాతకాలపు ఐఆర్‌సీ చాట్ సర్వరును 2020 మార్చిలో ఆపేసి మ్యాట్రిక్స్‌కే మారింది. గ్రూపులో సగం మంది మ్యాట్రిక్స్ కోసం ఎలిమెంట్ యాప్ దింపుకుని, కీ బ్యాకప్ అంటే ఏమిటో అర్థంకాక మూలకు కూర్చున్నారు. 2023 మే నెలలో కేంద్రం 14 మెసెంజర్ యాప్‌లను నిషేధించింది. అందులో ఎలిమెంటూ ఉంది. జమ్మూకశ్మీర్‌లో ఉగ్రవాదులు వాడుతున్నారన్నది చెప్పిన కారణం. పాశమైలారంలో టైమర్ బ్లాకు గురించి అడిగేవాడు దేశభద్రత లెక్కలోకి వచ్చింది అప్పుడే.

డిస్కార్డ్ సంగతి వేరే చెప్పాలి. 2015లో వీడియో గేములాడేవాళ్ల కోసం పుట్టిన ఆ చోట్లో మన అడ్మిన్ ప్రతిభ పూర్తిగా వికసించింది. ముప్పై మంది మాట్లాడే గ్రూపుకు నలభై ఛానెళ్లు. పైథాన్‌కు ఒకటి, జావాకు ఒకటి, మీమ్స్‌కు రెండు, "సీరియస్ డిస్కషన్"కు ఒకటి (అందులో ఇంతవరకు ఎవరూ మాట్లాడలేదు). అడ్మిన్ పేరు ఎర్రగా, మోడరేటర్ పేరు పచ్చగా, సామాన్యుడి పేరు తెల్లగా. మండల కమిటీ పదవులకు కూడా ఇంత రంగుల పంపకం జరగదు. కొత్తగా చేరినవాడికి జరిగే సత్కారం ఇలా ఉంటుంది:

"అన్నా, హెల్ప్ ఛానెల్ల మెసేజ్ పోతలేదు."

"వెరిఫై కావాలె తమ్మీ."

"ఓటీపీ వస్తలేదన్నా."

"ఓటీపీ రాకుంటే హెల్ప్ ఛానెల్ల అడుగు."

అదే డిస్కార్డ్ 2025 అక్టోబరులో ఒక మాట ఒప్పుకుంది: వయసు రుజువు కోసం జనం ఇచ్చిన గుర్తింపు కార్డుల ఫోటోలు, సుమారు 70,000 మందివి, బయటి సంస్థ ద్వారా దొంగల చేతికి చిక్కి ఉండొచ్చని. వాట్సాప్ పాలసీ చూసి లేచిన పౌరహక్కుల నాయకుడు ఆ రోజు ఆన్‌లైన్లోనే ఉన్నాడు, సర్వర్ బ్యానర్ మారుస్తూ. ఇంకో సంగతి. డిస్కార్డ్‌లో రాసింది గూగుల్‌లో వెతికితే దొరకదు. అర్ధరాత్రి కుర్రాడు వెతికేది గూగుల్‌లోనే.

ఇక 2025 సెప్టెంబరులో స్వదేశీ గాలి వీచింది. మంత్రులు చెప్పారు, జనం జోహో వారి మెసేజింగ్ యాప్ అరట్టై మీద పడ్డారు. రోజుకు 3,000గా ఉన్న చేరికలు మూడు రోజుల్లో 3,50,000కు ఎగబాకాయని జోహో స్థాపకుడు శ్రీధర్ వెంబు స్వయంగా ప్రకటించారు. యాప్ తయారుచేసినవాళ్ల కష్టాన్ని తక్కువ చేయను. కానీ అప్పటికి అందులో రాతపూర్వక సంభాషణలకు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు. గోప్యత పేరుతో వాట్సాప్ వదిలిన గ్రూపు, దేశభక్తి పేరుతో గోప్యతను కూడా వదిలేసింది. నోటీసు మాత్రం అదే. లింకే కొత్తది.

మారడమే తప్పని నా వాదన కాదు. మారక తప్పని రోజు ఉంటుంది. దానికి 2021 మే నెలను మించిన పాఠం లేదు. ఐఆర్‌సీ అనేది 1988లో ఫిన్లండ్‌లో యార్కో ఓయికారినెన్ రాసిన పాత పద్ధతి. బొమ్మల్లేవు, స్టిక్కర్లు లేవు, ఉత్త అక్షరాలు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లోకమంతా దశాబ్దాలపాటు ఫ్రీనోడ్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్కులో కూర్చుని మాట్లాడుకుంది. దాన్ని నిలబెట్టిన రాబ్ లెవిన్ 2006లో ప్రమాదంలో చనిపోయాడు. స్వచ్ఛంద కార్యకర్తలు నడుపుతూ వచ్చారు. 2017లో దాని కంపెనీ కాగితాలు ఆండ్రూ లీ అనే వ్యాపారి చేతికి పోయాయి. నాలుగేళ్లు ఆ కాగితాల సంగతి ఎవరికీ పెద్దగా పట్టలేదు. పట్టేసరికి పెత్తనం ఎవరిదన్న తగువు ముదిరింది. 2021 మే 19న కార్యకర్తలు మూకుమ్మడిగా రాజీనామా చేసి లిబెరా చాట్ పెట్టుకున్నారు, స్వీడన్‌లో లాభాపేక్ష లేని సంస్థగా. ఆపై వారం ఫ్రీనోడ్ యాజమాన్యం చేసిన పని మన అడ్మిన్లకే అసూయ పుట్టిస్తుంది. ఛానెల్ శీర్షికలో "లిబెరా" అన్న మాట కనబడితే చాలు, ఆ ఛానెల్‌ను స్వాధీనం చేసుకున్నారు. దాదాపు 700 ఛానెళ్లు! "మేం పక్కింటికి మారాం" అని తలుపు మీద రాసి వెళ్లినవాళ్ల తలుపే పీకేశారు. మిగిలి ఉన్నవాళ్లలోనూ చాలామంది ఆ దెబ్బతో లేచిపోయారు.

ఇందులో గమనించాల్సింది ఆ గొడవ కాదు, ఆ తరలింపు ఎంత తేలిగ్గా జరిగిందన్నది. అదే ప్రోటోకాల్, అదే క్లయింటు, అవే మారుపేర్లు. సెట్టింగుల్లో సర్వరు పేరున్న ఒక్క లైను మార్చారు. పాత సంభాషణలంటారా, చాలా ఛానెళ్లవాళ్లు ముందునుంచీ లాగ్‌లు తమ దగ్గరే రాసి ఉంచుకున్నారు. ఓటీపీ లేదు, పోల్ లేదు, స్వాగత బాటు లేదు. కారణం గట్టిది, సామాను చేతిలో ఉంది, లేచి నడిచారు.

మన దగ్గర కారణం ఎప్పుడూ గాలివాటం, సామాను ఎప్పుడూ ఇంకొకడి గోదాములో. పైగా ఒకచోటి బాధను ఇంకోచోటికి మళ్లించి పరిష్కారమని రిబ్బన్ కత్తిరించే విద్య ఈ పట్టీకి కొత్తది కాదు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థజలాలు నక్కవాగు మీదుగా మంజీరలోకి పోతున్నాయని ఊళ్లు గోలపెట్టాయి. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. చివరికి 18 కిలోమీటర్ల పైపులైను వేసి, ఆ నీళ్లను హైదరాబాద్ మురుగులో కలిపి అంబర్‌పేటకు పంపారు. అక్కణ్నుంచి మూసీ. మంజీర కష్టం మూసీకి బదిలీ అయింది, ఫైలు మూసుకుంది. మన అడ్మిన్లు ఈ నేల మీద పుట్టి పెరిగినవాళ్లే కదా.

ఇదే నేల మీద సవ్యంగా జరిగిన తరలింపూ ఉంది. హైదరాబాద్ ఐఐటీ 2008లో ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో అద్దెకున్నట్టు మొదలై, 2015లో కందిలో సొంత క్యాంపస్‌కు వచ్చింది. లైబ్రరీని ఎద్దుమైలారంలోనే వదిలేసి, "పాత పుస్తకాలు చూడాలంటే మనిషికి నెలకింత కట్టండి, ఏడాది దాటినవి తగలబెడతాం" అని ఎవరూ అనలేదు. అని ఉంటే పేపర్లలో మొదటి పేజీ వార్త అయ్యేది. గ్రూపు విషయంలో సరిగ్గా అదే జరుగుతుంటే దానికి మనం బొటనవేలు ఎత్తి చూపుతున్నాం.

చేయాల్సిన పని పెద్దదేం కాదు. వాట్సాప్‌లో చాట్ ఎక్స్‌పోర్ట్ ఉంది, టెలిగ్రామ్ డెస్క్‌టాప్‌లో ఉంది, స్లాక్ కూడా పబ్లిక్ ఛానెళ్లవి దింపుకోనిస్తుంది. దింపాలి. గుడ్ మార్నింగులు ఏరి పారేయాలి. ప్రశ్న, జవాబు మిగుల్చుకుని సాదా టెక్స్ట్ ఫైల్లో పెట్టి, అందరికీ అందేచోట ఉంచాలి. రాసినవాళ్లను అడిగి, వాళ్ల ఫోన్ నంబర్లు తీసేసి మరీ. ఆ తర్వాత గ్రూపు ఎక్కడికి పోయినా ఫర్వాలేదు, అసలు పోకపోయినా ఫర్వాలేదు.

ఈ మాట ఒక అడ్మిన్ ముందు ఎత్తి చూడండి. లోగోకు మూడు డిజైన్లు గీయించినవాడు, పేరు కోసం రెండుసార్లు పోలింగు పెట్టినవాడు, కొత్త సభ్యుడు రాగానే బాణసంచా కాల్చేలా బాటుకు రాత్రంతా కూర్చుని కోడు రాసినవాడు ముఖం ముడుచుకుంటాడు.

"ఎవరు చేస్తరన్నా అంత పని? అయినా వచ్చే నెల ఎట్లాగూ మారుతున్నం గద."