ఇత్తడి మొగుడు

ప్రతి మగాడికీ ఇంట్లోవాళ్లు ఎప్పుడు పారేద్దామా అని చూసే వస్తువొకటి ఉంటుంది. మీకు పాత రేడియో కావచ్చు, నడవని గడియారం కావచ్చు. నాకు ట్రాంబోన్లు.

"పెళ్లి బ్యాండులో ముందుకీ వెనక్కీ లాగుతూ ఊదుతారే, అదా బావా?" అని బావమరిది ఫోన్లో అడిగాడు. అదే. నాకు ఊదడం వచ్చా అని మాత్రం మీరు అడక్కండి.

మేముండేది అమెరికాలో, క్లీవ్‌లాండ్ దగ్గర. మా ఆవిడకి ఇది 1978 నుంచీ త్యాగరాజ ఆరాధన జరుగుతున్న ఊరు. నాకేమో హెచ్.ఎన్. వైట్ కంపెనీ ఊరు. 1893లో మొదలై, కింగ్ ట్రాంబోన్లు చేసింది ఇక్కడే. థామస్ కింగ్ అనే స్థానిక వాద్యకారుడి సలహాతో తయారయ్యాయి కాబట్టి ఆ పేరు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఈ సంగతి చెబుతాను. వాళ్ల కాఫీ చల్లారిపోతుంది.

కొనేటప్పుడు నా దర్జా చూసి తీరాలి. టార్చి వేసి ఇత్తడి మీద గులాబీ రంగు మచ్చలు వెతుకుతాను. అవుంటే లోపల జింకు కరిగిపోతున్నట్టే, ఇక ఆ గొట్టం ఆశ వదులుకోవాలి. ముందుకీ వెనక్కీ లాగే గొట్టాన్ని, అంటే స్లైడుని, విడదీసి, పైన రెండు రంధ్రాలూ వేళ్లతో మూసి లాగుతాను. గాలి దాన్ని వెనక్కి గుంజితే సరుకు మంచిదే. అన్నిటికన్నా ముఖ్యం, ఫ్యాక్టరీలో వేసిన లక్కర్ పూత. అక్కడక్కడా పోయినా ఫరవాలేదు కానీ, అరగదీసి కొత్తపూత వేశారో, రేకు పలచబడుతుంది, చెక్కడం చెరిగిపోతుంది, ధర పడిపోతుంది.

"పాతదానికి రంగేస్తే విలువ పోతుందన్నమాట," అంది మా ఆవిడ, శ్రద్ధగా విని. "మరి బాత్రూంలో ఆ హెయిర్ డై ఎవరిదండీ?"

స్లైడుకి మెట్లుండవు కదా, గమకాలకి ఇంతకంటే అనువైన వాయిద్యం ఏముంటుందని ఓ ఆదివారం మోహన రాగం ఎత్తుకున్నాను. స్కూలు బ్యాండులో వాయించే మా అమ్మాయి కాసేపు గుమ్మంలో నిలబడింది. "నాన్నా, దీనికి ఏడే పొజిషన్లు. నువ్వు ఎనిమిదోది వెతుకుతున్నావు," అని తలుపేసి వెళ్లిపోయింది.

ఇంకో ట్రాంబోన్ తెచ్చిన రోజు, తిట్లు తప్పించుకోడానికి, "ఈ గొట్టాలు నికెల్ సిల్వర్ తెలుసా!" అన్నాను గొప్పగా.

"అంటే జర్మన్ సిల్వరేగా? అందులో వెండి ఎక్కడుందండీ, రాగీ నికెలూ జింకూ తప్ప? మా అక్క పూజసామాను కొని మోసపోయింది అందులోనే," అంది. నేను పుస్తకాలు తిరగేసి నేర్చుకున్నదంతా ఆవిడకి కుంకుమభరిణె దగ్గరే తెలిసిపోయింది.

పౌరుషం వచ్చి నా కింగ్ సిల్వర్‌సోనిక్ బయటికి తీశాను. "దీని బెల్, అదే ఈ వెడల్పు మూతి, స్టెర్లింగ్ వెండి. నూటికి తొంభై రెండున్నర పాళ్లు!"

ఆవిడ బెల్‌ని మెల్లగా చేతిలోకి తీసుకుని బరువు చూసింది. ఇన్నేళ్లలో నా ట్రాంబోన్‌ని అంత ప్రేమగా పట్టుకోవడం అదే మొదలు. నా గుండె ఉప్పొంగింది.

ఇప్పుడది ఆవిడ బీరువాలో, వెండి కుందుల పక్కన ఉంది. తాళంచెవి అడిగితే, "ఎందుకండీ, మీకు ఊదడం రాదుగా?" అంటుంది.