పెచ్చులూడిన ప్రాభవానికి జోతలు

శ్రీమదఖండ శ్వేతవర్ణ సామ్రాజ్య ధురంధరీ! పెచ్చులే పట్టుచీరగా, పగుళ్ళే పచ్చల పతకంగా అలరారే తల్లీ! కుంటి కుర్చీలకు సింహాసనయోగమూ, మూతపడని సొరుగులకు ముత్యాల ధరా ప్రసాదించిన కల్పవల్లీ! షాబీ షిక్ అనే దివ్యనామంతో దేశదేశాల డ్రాయింగ్ రూముల్లో పూజలందుకుంటున్న నీకు సాష్టాంగ ప్రణామాలు. నీ గుణగణాలు కీర్తించడానికి వెయ్యి నాలుకల ఆదిశేషుడే చాలడు. ఒక్క నాలుక వాళ్ళం, చేతనైనంత చేస్తాం.

నీ అవతారానికి ముందు లోకం పడ్డ అవస్థ తలుచుకుంటే గుండె తరుక్కుపోతుంది. ఇంగ్లండు పల్లెల్లోని పాత దివాణాల్లో ఒక సోఫా గుడ్డ వెలిసిపోవాలంటే మూడు నాలుగు తరాలవాళ్ళు దాని మీద కూర్చోవాలి, కిటికీలోంచి ఎండ పడాలి, కుక్కలు పొర్లాలి, ఆస్తి కరిగి కొత్త గుడ్డకు డబ్బు చాలకుండా పోవాలి. ఒక్క వెలిసిన వన్నె కోసం ఎంత కాలం, ఎంత బతుకు వృథా! 1989లో రేచెల్ ఆష్‌వెల్ గారు కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో నీ పేరునే దుకాణానికి పెట్టి ఆ వన్నెను సముద్రం దాటించారు. మరుసటి ఏడాది ఇంగ్లండులో ఆనీ స్లోన్ గారు చాక్ పెయింట్ అనే మహాలేపనాన్ని లోకానికి అందించారు. ముందుగా గీకే పని లేదు, ప్రైమర్ లేదు, డబ్బా మూత తీయడమే ఆలస్యం. కర్ర కానీ ఇనుము కానీ పట్టుకుంటే వదలదు. తరాల తపస్సు ఒక ఆదివారం మధ్యాహ్నంలోకి ఒదిగి కూర్చుంది.

ఆ లేపనపు సమదృష్టిని ఏమని పొగడను! చేవదేరిన బర్మా టేకూ, రంపపు పొట్టును జిగురుతో అదిమిన అట్టపలకా దాని ముందు ఒక్కటే. వందేళ్ళ చెట్టు తను చూసిన వానలనూ కరువులనూ గీతగీతగా కర్రలో రాసి పెట్టుకుంటే, ఆ గొప్పల చిట్టాను రెండే పూతల్లో కప్పిపెట్టి చెట్టుకు వినయం నేర్పిన జగద్గురువు అది. లక్కను స్పిరిట్‌లో కరిగించి, దూదిని గుడ్డలో ఉండ చుట్టి, పూత ఆరాక పూత వేస్తూ, రోజుల తరబడి గుండ్రంగా రుద్ది రుద్ది, బల్లలో ఇంటివాళ్ళ మొహం కనపడేలా చేసే పాలిష్ మేస్త్రీలు ఉండేవాళ్ళు. భుజాలు పడిపోయేదాకా పాటుపడిన ఆ చేతులకు శాశ్వత విశ్రాంతి ప్రసాదించిన కరుణామయివి నువ్వే.

ఇక నీ సృష్టి రహస్యం. ఒక సొరుగును దగ్గరగా చూద్దాం. ముందు నీలం పూత. ఆరాక అంచుల వెంట కొవ్వొత్తి ముక్కతో గీత. దాని మీద తెల్ల పూత. అదీ ఆరాక ఉప్పుకాగితంతో నాలుగు రుద్దులు: మైనం ఉన్నచోట తెలుపు లేచిపోతుంది, అడుగు నీలం తొంగిచూస్తుంది, సొరుగుకు గతం పుట్టుకొస్తుంది. తర్వాత ఇనుప గొలుసుతో నాలుగు బాదులు. అవి దానికి కష్టాలు. సన్నని మొనతో అక్కడక్కడా పొడిచిన రంధ్రాలు. అవి పురుగు తొలిచినవి. చివరికి సందుల్లో నల్లమైనం అద్దుతారు. అది నానమ్మల నాటి మురికి, డబ్బాలో దొరుకుతుంది. ఏ పురుగూ ఇంత పొందికగా తొలవలేదు. ఏ నానమ్మా ఇంత శుభ్రమైన మురికి మిగల్చలేదు.

నిజంగా వాడిన సొరుగుకు పక్షపాతం జాస్తి. బొడుపు చుట్టూ, కుడిచేయి ఆనేచోట మాత్రమే అరుగుతుంది. మిగతా వైపు కన్నెత్తి చూడదు. నీ అరుగుదలకు ఆ సంకుచితత్వం లేదు. నాలుగు మూలలా సమానంగా, గోడవైపు తిరిగిన, పుట్టింది మొదలు ఏ చేయీ తాకని వెనుక కాలి మీద కూడా ఒకే మోతాదులో వెలసిల్లుతుంది. చేతుల ప్రమేయం లేకుండానే చెయ్యి ఆనిన గుర్తు, మనుషుల అవసరం లేకుండానే మనిషి కాపురం! ఇంతకన్నా నిరాడంబరమైన చరిత్ర ఉంటుందా?

పసిపాపల పట్ల నీ వాత్సల్యం వేరే చెప్పాలి. 1978లో అమెరికా ప్రభుత్వం ఇళ్ళలో వాడే రంగుల్లో సీసాన్ని నిషేధించి పిల్లల సరదా పాడుచేసింది. అంతకు ముందటి ఉయ్యాల మంచాలను వెతికి తెచ్చి, సీసం ఉందో లేదో చూసే అనుమానపు బుద్ధికి పోకుండా, పెచ్చులు చెదరకుండా పాప గదిలో అలంకరించమనే నీ ఔదార్యం వల్ల, దొరికినదల్లా నోట్లో పెట్టుకునే వయసులోనే పసివాళ్ళు చరిత్రను రుచి చూస్తున్నారు.

మన దేశంలో నీ మహాపీఠం జోధ్‌పూర్. అక్కడి వడ్రంగి మామిడి కర్రను చిత్రిక పట్టి, కోణం తప్పకుండా అతికి, వేలితో తడిమితే అతుకు తెలియకుండా పెట్టె చేస్తాడు. తండ్రి నేర్పిన పని. ఆ పెట్టెను అదే ఆవరణలో ఇంకొకడు గొలుసుతో బాదుతాడు, అదీ కూలిపనే. సరిగ్గా చేసినందుకు ఒకడికీ, చేసినది చెడగొట్టినందుకు ఇంకొకడికీ అన్నం పెడుతున్న నీది ఎంత పెద్ద చెయ్యి! దెబ్బలు తిన్న ఆ పెట్టె కంటైనరెక్కి ఐరోపాకూ అమెరికాకూ వెళుతుంది. కొన్ని మాత్రం మన మీద దయతలచి హైదరాబాదు షోరూముల్లో దిగుతాయి.

ఆ దయకు పాత్రులు కావడానికి మనవాళ్ళు చేసిన త్యాగం తక్కువది కాదు. ఊళ్ళో ఇల్లు అమ్మి వాటాలు పంచుకున్నాక, ఇత్తడి బుడిపెల భోషాణం లిఫ్టులో పట్టదని పాతసామాన్లవాడికి అప్పజెప్పారు. పందిరి మంచం కోళ్ళు విడదీసి పంపారు. తాతగారి పడక్కుర్చీ చేతుల మీద ఆయన మోచేతులు ఆని నున్నబడిన రెండు గుంటలుంటే, అవి మచ్చలని బేరంలో ధర తగ్గించుకుని మరీ ఇచ్చేశారు. ఇల్లంతా అలా నిర్మలంగా ఖాళీ అయ్యాకే, కిందటి నెల తయారైన వందేళ్ళ నాటి పెట్టెను వాయిదాల మీద కొని, నట్టింట నిలిపి, వచ్చినవాళ్ళకు వేలు పెట్టి చూపిస్తున్నారు. పూర్వీకుల మీద భక్తి ఇంతకన్నా ఎలా చాటుకుంటారు? పూర్వీకులు ఎవరివాళ్ళయితేనేం?

పేదరికానికి నువ్వు చేసిన గౌరవం గురించి చెప్పకపోతే ఈ స్తుతి కుంటుపడుతుంది. పనిమనిషి గుడిసెలో రంగు లేచిపోయిన బల్ల దశాబ్దాలుగా అనామకంగా పడి ఉంది. దాన్ని చూసి అయ్యో అనుకున్న కళ్ళే ఇవాళ అదే రంగు లేచిపోయిన బల్ల ముందు, మెత్తటి దీపపు వెలుతురులో, ధర చీటీ పక్కన నిలబడి మైమరచిపోతున్నాయి. లేమికి ఇంత సొగసు ఉందని ఆ పనిమనిషికి ఎవరూ చెప్పలేదు. వాళ్ళు కొని తెచ్చుకున్న ఆ తెల్లబల్ల పగుళ్ళలో రోజూ దుమ్ము తుడవలేక నడుం పట్టుకుంటుంది కానీ, తను తుడుస్తున్నది కళాఖండమని ఆమెకు తెలియదు.

కనుక గృహస్థులారా, అటక మీద ఇంకా టేకు భోషాణం మిగిలి ఉన్న పుణ్యాత్ములారా, ఆలస్యం చేయకండి. ఈ ఆదివారమే దింపండి, కుంచె పట్టండి. మళ్ళీ మునుపటిలా చేసుకోవాలన్న చాపల్యం మీకు ఎన్నడూ కలగదు. తెల్లరంగు ఒక్కసారి టేకు సందుల్లోకి దిగిందంటే, ఎంత గీకినా పూర్తిగా పోదు.