ప్లాను మార్పిడి వ్రతకల్పము

ఇంటి ఇంటర్నెట్ ప్లానును మార్చదలచిన గృహస్థుడు ముందుగా ఇంటిల్లిపాదిని కూర్చుండబెట్టి సంకల్పము చెప్పుకొనవలయును. కారణము బలవత్తరమై యుండనక్కరలేదు; తమకు నూరు ఎంబీపీఎస్ వచ్చుచున్నదని ప్రక్కవాటావారు మెట్లమీద నిలిచి చెప్పిన చాలును. ఆ యంకెను చూచి సంతోషింపవలెనే కాని దానిని ఎనిమిదిచే భాగింపరాదు. భాగించినచో సెకనుకు పండ్రెండున్నర మెగాబైట్లే యని తేలి, ఆదిలోనే సంకల్పభంగమగును. ప్రకటించిన ధరకు నూటికి 18 వంతున జీఎస్టీ చేరునని తలచుటయు ఆ శుభసమయమున అమంగళము.

పిమ్మట అన్‌లిమిటెడ్ అను పదమును భక్తితో చదువవలయును. దాని నెత్తిన వెలుగు చిన్న నక్షత్రపు గుర్తును చూడకుండుట శిష్టాచారము. చూచినవారికి పుట అడుగున, నెలకు 3300 జీబీ వరకే పూర్తి వేగమనియు, అటుపిమ్మట వేగము తగ్గింపబడుననియు సూక్ష్మాక్షరములలో గోచరించును. ఇది పలు ప్లానులలో నున్నదే, సామాన్యసంసారమునకు చాలినదే. అయినను, వారు వాగ్దానము చేసిన నూరు ఎంబీపీఎస్ వేగమును ఎవడైన రాత్రింబవళ్లు నిజముగనే వాడుకొన్నచో, ఈ నెలసరి గ్రాసము మూడు దినములు దాటి నాలుగవ దినపు సూర్యాస్తమయము చూడదు. ఈ లెక్క కంపెనీవారికి తెలియును. మనమట్లు వాడుకొనమనియు వారికి తెలియును. వారి వ్యాపారమంతయు మన నిద్రపై నడచుచున్నదన్న మాట.

నేటి యువకులకు ఈ నియమములు కఠినములుగ తోచునేమో గాని, పూర్వుల నిష్ఠ వేరు. 2005వ సంవత్సరమున బీఎస్ఎన్ఎల్ వారి డేటావన్ బ్రాడ్‌బ్యాండు వచ్చిన తరువాతి కాలమున, పగలంతయు వేళ్లమీద లెక్కింపదగిన జీబీలతో సంసారమీడ్చుచు, రాత్రి రెండు గంటల నుండి ఉదయము ఎనిమిది వరకు లెక్క లేదన్న ప్లానును పుచ్చుకొన్న పుణ్యాత్ములు, అలారము పెట్టుకొని, బ్రాహ్మీముహూర్తమునకు మునుపే లేచి మోడెము వెలిగించి, సినిమాలు దింపుకొనుచుండెడివారు. ఎనిమిది గంటలు కొట్టువేళకు నూటికి తొంబదితొమ్మిది వంతులు దిగి నిలిచిపోయిన చిత్రము ఎట్టి వైరాగ్యమును ప్రసాదించెడిదో అనుభవజ్ఞులకే యెరుక. ఎవరును లేని గదిలో టీవీ నడచుచున్నచో కరెంటు బిల్లు కంటె ముందు డేటాను తలచి అదిరిపడువారు నేటికిని కలరు. వారందరు ఆ తరమువారే.

చవుక ప్లానువారికి నెలాఖరున పరిమితి సమీపించును. అప్పుడు గృహమున దర్యాప్తు జరుపుట విధి. బామ్మగారు పడకకుర్చీలో నిదురించినను ఆమె సీరియలు నిదురింపదు. ఒక భాగము ముగిసినంతనే మరియొకటి తనంతట తానే మొదలగును. 4కె చిత్రమైనచో గంటకు 7 జీబీ వరకు మ్రింగును. అబ్బాయి గేముకు అప్‌డేటు వచ్చియుండును. మేనకోడలి పెండ్లివీడియోలను అమ్మగారి ఫోను ఎవరికిని చెప్పకయే క్లౌడున కెక్కించుచుండును. ఇన్ని సాక్ష్యములు దొరకినను, నేరమును మాత్రము రెండు దినములుండి ఊరికి మరలిపోయిన చుట్టముపై మోపుట గృహశాంతికి క్షేమము. వేగము తగ్గినను ఇంటి కనెక్షనున 512 కేబీపీఎస్‌కు దిగువకు పోరాదని టెలికాం నియంత్రణసంస్థయైన ట్రాయ్ వారు 2016లో ఆదేశించియున్నారు. ఆ దయవలన ఒక జీబీ సినిమా నాలుగుగంటల పైచిలుకులో దిగును; వాట్సాప్‌లోని శుభోదయములు మాత్రము నిరాటంకముగ వచ్చుచునేయుండును.

ఇక మార్పిడి దినము. మొబైలు నంబరును మార్చకయే కంపెనీని మార్చు సౌకర్యము 2011 జనవరి నుండి దేశమంతట నున్నది గాని, ఇంటి తీగకు అట్టి భాగ్యము లేదు. పాతది ఊడవలయును, క్రొత్తది వ్రేలాడవలయును. క్రొత్త కంపెనీ పంపిన కుర్రవాడు నల్లని ఫైబరుచుట్టను భుజమున వేసికొని వచ్చి, నిచ్చెన మన యింటిదే యడిగి పుచ్చుకొని, నిరుడు పాత కంపెనీ తరఫున తానే యెక్కిన స్తంభమును మరల నెక్కును. ఆశ్చర్యము కనబరుపరాదు. కనబరచినచో అతడు పైనుండియే, "అదే పోలు, అదే డబ్బా సార్. పేరే మారుద్ది" అని తత్త్వోపదేశము చేయును. దిగివచ్చుచు తీగను పెరటి మునగకొమ్మకు రెండు చుట్లు చుట్టిపోవును. కావున మునగకాయలు కోసిన దినమున రౌటరుపై ఎల్ఓఎస్ అను ఎర్రదీపము మిణుకుమన్నచో కస్టమర్ కేరుకు ఫోను చేసి ముప్పావుగంట సంగీతము వినుటకు ముందు, కొమ్మవంక నొకమారు చూడవలయును.

ఉద్యాపనము పాత రౌటరును తిరిగి యప్పగించుటతో నారంభమగును. డిపాజిట్టు ఏడు పనిదినములలో వచ్చునందురు. ఎవరి పనిదినములని అడుగరాదు. అది రాకమునుపే ఆ కంపెనీ నుండియే ఒక మృదుభాషిణి ఫోను చేసి, "మీ కోసమే స్పెషల్ ఆఫరండి, రెండు నెలలు ఫ్రీ" యనును. క్రొత్తవారికి ఆరు నెలల సొమ్ము ముందే చెల్లించియున్నాము గనుక, ఆరవ నెల చివర మరల పిలువుడని మర్యాదగ చెప్పవలయును. నిచ్చెనను అటకపైకెక్కింపక గోడవారనే యుంచి, కుర్రవాని నంబరును భద్రపరచుకొనవలయును. అప్పుడును వచ్చువాడు అతడే.