పరుపుల గదిలో పాట

మా మనవడు ఎమ్మిగనూరులో మేడ మీద గదిలో స్టూడియో పెట్టుకొని ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో వాడు పూర్తి చేసిన పాటలు రెండు, మార్చిన సాఫ్ట్‌వేర్లు ఐదు. ఎఫ్ఎల్ స్టూడియోతో మొదలుపెట్టాడు. గొంతు రికార్డింగుకు అది అంత అనువు కాదని ఎవరో అంటే క్యూబేస్‌కు పోయాడు, అక్కడి నుంచి ఏబుల్టన్ లైవ్‌కు. ఆ సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే ప్లగిన్లు ఎన్నున్నాయిరా అంటే మూడు వందల పైచిలుకు చూపించాడు. అందులో రివర్బులే ఇరవై రెండు. ఏది ఎక్కడ వాడతావంటే, "ఇంకా చూడాలి తాతా" అంటాడు. రోజూ రాత్రి పన్నెండు దాకా చూస్తూనే ఉంటాడు. పాట మాత్రం పాడడు.

ఆదోనిలో మాకు మైకుసెట్టు అంగడి ఉండేది. పెళ్లిళ్లకు, జాతరలకు హారన్లు కట్టడం మా పని. అంగడి వెనక పదడుగులకు పన్నెండడుగుల గది ఒకటి. 1980ల్లో భజన చేసేవాళ్లు, పద్యనాటకాల వాళ్లు, తత్వాలు పాడేవాళ్లు ఆ గదికి వచ్చి క్యాసెట్టు చేయించుకొని పోయేవాళ్లు. గది ఖాళీగా ఉన్నప్పుడు చప్పట్లు కొడితే గోడలు గణగణమనేవి. ఆదోని అంటేనే పత్తి. ఊరంతా జిన్నింగు మిల్లులు, మార్కెట్ యార్డు నిండా పత్తి బండ్లు. మా నాయన నాలుగు లావుపాటి దూది పరుపులు కుట్టించి గోడల పొడుగునా నిలబెట్టించినాడు. తలుపుకు ఎమ్మిగనూరు దుప్పట్లు రెండు మడతలు వేలాడదీసినాం. 1938లో మాచాని సోమప్పగారు నిలబెట్టిన నేతగాళ్ల సొసైటీ దుప్పట్లవి, బరువుగా, చిక్కగా ఉండేవి. గోడకూ పరుపుకూ మధ్య నాలుగు వేళ్ల సందు వదలమని మా నాయన పట్టుబట్టేవాడు. ఆ సందు ఉంటేనే లావు గొంతుల గుమ్మనే మోత తగ్గేది. ఆ సంగతి ఆయన ఏ పుస్తకంలోనూ చదవలేదు. పరుపును ముందుకీ వెనక్కీ జరిపి చెవితో వినినాడు, అంతే.

మా వాడు అంగుళం మందం నల్ల స్పాంజి పలకలు తెప్పించి గోడకు అంటించినాడు. అంత పలచటి స్పాంజి కీచుమనే శబ్దాన్నే మింగుతుంది. గుమ్మనే మోత గదిలోనే ఉండిపోయింది. దాన్ని తీసేయడానికి ఒక ప్లగిన్, ఆ ప్లగిన్ గొంతులోని ఒళ్లంతా తినేస్తే మళ్లీ ఒళ్లు పెంచడానికి ఇంకొక ప్లగిన్. ఆదోని పక్కనే పెట్టుకొని దూది పరుపు తెచ్చుకోవాలని తోచలేదు పిల్లోడికి.

మేము రికార్డింగు రాత్రి పదకొండు దాటినాకే పెట్టుకునేవాళ్లం. మిల్లుల మోత తగ్గాలి, ఆ పైన గుంతకల్లు రాయచూరు లైను మీద బండి పోవాలి. బండి కూత వినపడకుండా పోయిందాకా హార్మోనియం తిత్తి మీద చెయ్యి వేసుకొని అందరూ కూర్చునేవాళ్లు. ఉన్నది ఒకటే మైకు. పాటగాడు మైకుకు జానెడు దూరం, హార్మోనియం రెండు మూరలు, తబలా గది ఆ మూలకు, తాళాలు తలుపు దగ్గర. ఎవరు ఎక్కడ కూర్చోవాలో నేల మీద సుద్దముక్కతో గీసేవాణ్ణి. ఒక పాట తీసి, విని, తబలాను ఇంకొక మూర వెనక్కి జరిపి గీత చెరిపి మళ్లీ గీసేవాణ్ణి. ఇప్పుడు మిక్సింగు అంటున్నది అప్పట్లో ఆ గీతల్లోనే జరిగిపోయేది.

అరవై నిమిషాల క్యాసెట్టుకు పక్కకు ముప్పై నిమిషాలు. ఇరవై ఆరో నిమిషంలో ఒకరు తప్పితే మొదటి నుంచీ పాడాల్సిందే. అందుకే ఇంట్లో నాలుగు రోజులు సాధన చేసి వచ్చేవాళ్లు. తప్పును వెనక్కి తీసుకునే మీట లేకపోబట్టి గొంతు సిద్ధమైనాకే గదిలో కాలుపెట్టేవాళ్లు.

ఆ రోజుల్లో అన్నీ బాగున్నాయని నేను చెప్పను. టేపు బుస్సుమనేది. బ్యాటరీలు నీరసించి టేపు నిదానంగా తిరుగుతుంటే రికార్డు చేసి, తరవాత కొత్త బ్యాటరీలతో పెడితే నడివయసు మనిషి గొంతు పిల్లవాడి గొంతైపోయేది. ఇప్పటి లాప్‌టాప్ ఆ బాధలన్నీ తప్పించింది. కాబట్టి నా కోపం సాఫ్ట్‌వేర్ మీద కాదు, దాన్ని ఎంచుకుంటూనే గడిచిపోతున్న ఏళ్ల మీద. ఈ పిల్లలంతా రెహమాన్ పేరు చెబుతారు. నిజమే, ఆయన 1989లో చెన్నైలో ఇంటి వెనకనే పంచతన్ స్టూడియో కట్టుకున్నాడు, 1992లో రోజా వచ్చింది. కానీ అంతకుముందు ఎన్నో ఏళ్లు ఎందరో సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు వాయించినాడు. ఏ శబ్దం కావాలో తెలిసినాకే ఆ స్టూడియో కట్టుకున్నాడు.

నన్ను ఎక్కువగా నొప్పించింది మా అక్క పాట. చిన్నప్పటి నుంచి తత్వాలు పాడేది. మొన్న శ్రావణంలో మనవడు ఆమెను మేడ మీద కూర్చోబెట్టి పదకొండు తత్వాలు రికార్డు చేసినాడు. చాలా సంతోషపడ్డాను. తెర మీద ఆమె గొంతు గీతలాగా కనపడింది. వంక నీళ్లు రాళ్ల మధ్య మెలికలు తిరిగినట్టు, స్వరానికీ స్వరానికీ నడుమ జారుతూ, ఆగుతూ పోతోంది. వాడు ఒక తత్వానికి ఆటోట్యూన్ పెట్టినాడు. నూనె బావులు వెతికేవాళ్ల కోసం భూమిలో నుంచి తిరిగొచ్చే ప్రకంపనల లెక్కలు కట్టిన ఇంజనీరు, ఆండీ హిల్డెబ్రాండ్, 1997లో తెచ్చిన సాఫ్ట్‌వేర్ అది. సప్తకంలోని పన్నెండు మెట్లలో గొంతుకు దగ్గరున్న మెట్టు మీదికి దాన్ని లాగుతుంది. వేగం చివరిదాకా తిప్పేసరికి ఆ వంక కాస్తా మెట్లదారి అయిపోయింది. "ఇప్పుడు శ్రుతిలో ఉంది తాతా" అన్నాడు. శ్రుతిలో ముందే ఉండెరా. పోయింది గమకం.

హార్మోనియంలో గమకం పలకదని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని రేడియోలోకి రానివ్వలేదు. హార్మోనియం నమ్ముకొని బతికిన మాలాంటివాళ్లకు అది కష్టంగానే తోచింది. అయినా గమకం గురించి ఒక దేశం ముప్పై ఏళ్లు వాదులాడింది. ఇప్పుడు అదే గమకాన్ని ఒక మీటతో చదును చేస్తున్నాం, ఎవరూ అడగడం లేదు.

ఆ తరవాత జరిగింది ఇంకా ఘోరం. వేల రూపాయల ప్లగిన్ ఊరికే వస్తుందని వాడు ఎక్కడి నుంచో క్రాక్ చేసిన కాపీ దింపినాడు. దాంతోపాటు వైరస్ వచ్చి ఫైళ్లన్నిటికీ తాళం పడింది. వేరే చోట కాపీ లేదు. కార్తీకంలో అక్క పోయింది. ఆమె పాడిన పదకొండింటిలో ఇప్పుడు మిగిలింది ఆ మెట్లదారి పాట ఒక్కటే. అది కూడా వాట్సాప్‌లో చుట్టాలకు పంపినందుకు మిగిలింది. నా బీరువాలో 1987 నాటి క్యాసెట్టు ఉంది, అందులో ఆమెవి మూడు తత్వాలు. ఎవరూ పొరపాటున చెరపకుండా వెనకనున్న రెండు పలుకులూ ఆ రోజే విరిచిపెట్టినాను. ఇప్పటికీ పాడుతోంది.

సాఫ్ట్‌వేర్ ఏదని అడిగే పిల్లలకు నేను చెప్పేది ఇది. గొంతొక్కటే రికార్డు చేసుకోవడానికి ఆడాసిటీ చాలు, 2000 నుంచీ ఉచితంగానే దొరుకుతోంది. నాలుగు వాద్యాలు కలపాలంటే రీపర్ తీసుకోండి. పాత లాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. అరవై రోజులు వాడి చూడనిస్తారు, ఆ తరవాత సొంతానికి లైసెన్సు 60 డాలర్లు. ఈక్యూ, కంప్రెసర్, రివర్బ్ దాంతోనే వస్తాయి. ఆ మూడూ చేతికి లొంగేదాకా ఇంకొక ప్లగిన్ జోలికి పోవద్దు. పాడేటప్పుడు సెట్టింగుల్లో బఫర్ సైజు 128 శాంపిల్స్‌కి దించుకోండి. 1024లో ఉంటే లోపలికి పోయే దారిలోనే సెకనులో దాదాపు నలభయ్యో వంతు ఆలస్యమవుతుంది, బయటికి వచ్చే దారిలో ఇంకొక అంత. హెడ్‌ఫోన్‌లో తన గొంతే వెనకబడి వినపడితే ఎంత పాటగాడికైనా తాళం తప్పుతుంది.

ఆదోని, ఎమ్మిగనూరు, కౌతాళం, హొళగుంద పల్లెల్లో తత్వాలు, చెక్కభజన పాటలు, రోకటి పాటలు వచ్చిన అవ్వలు, తాతలు ఇంకా ఉన్నారు. మీ ఇంట్లో ఉంటే, ఏ సాఫ్ట్‌వేర్ అని ఇంకో నెల వెతకొద్దు. ఈ ఆదివారమే ఫ్యాను ఆపి, తలుపుకు దుప్పటి కట్టి, చేతిలో ఉన్న ఫోనునే జానెడు దూరంలో పెట్టి పాడించుకోండి. ఆ రాత్రికే రెండు చోట్ల కాపీ దాచండి. గొంతును మాత్రం సరిచేయకండి.