వంటిల్లు మార్పిస్తున్నారా? ఈ సలహాలు మాత్రం వినకండి

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా పెద్దమ్మగారి అబ్బాయి వంటిల్లు మొత్తం కొత్తగా చేయించుకున్నాడు. కాంట్రాక్టరుకు ఆఖరి చెక్కు ఇచ్చేసి, కొత్త పొయ్యి మీద పాలు పొంగించాడు. రెండు నెలలకు కౌంటీ రికార్డరు ముద్రతో ఒక కాగితం వచ్చింది. క్యాబినెట్లు సరఫరా చేసిన కంపెనీకి కాంట్రాక్టరు 18,000 డాలర్లు ఎగ్గొట్టాడు. వాళ్లు అన్నయ్య ఇంటి మీద మెకానిక్స్ లీన్, అంటే బాకీ తీరేదాకా ఇంటి మీద ఉండే హక్కు, వేశారు. ఒకసారి కట్టిన డబ్బే అన్నయ్య మళ్లీ కట్టాడు. అప్పుడు తెలిసినవాళ్లు ఇచ్చిన సలహాలే ఈనాటికీ మనవాళ్ల ఇళ్లలో తిరుగుతున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా కొట్టేయాలనే ఇది రాస్తున్నాను.

"మొత్తం కట్టేశావు, రసీదుంది, నీకేం భయం?" అన్నింట్లోకీ ప్రమాదకరమైన మాట ఇదే. మన ఊళ్లో మేస్త్రీ కూలి ఎగ్గొడితే కూలీలు వెళ్లి మేస్త్రీ గుమ్మం ముందు కూర్చుంటారు. కాలిఫోర్నియాలో వాళ్ల హక్కు మీ ఇంటికే అంటుకుంటుంది. 1879 నాటి రాష్ట్ర రాజ్యాంగంలోనే ఆ హక్కు రాసి ఉంది. మీరు కాంట్రాక్టరుకు పూర్తిగా చెల్లించారన్నది అక్కడ జవాబు కాదు.

"సర్టిఫైడ్ మెయిల్‌లో వచ్చేవన్నీ ప్రకటనలు, పక్కన పడెయ్." అన్నయ్య అలాగే పడేశాడు. టైల్స్ బ్రోషర్లతో పాటు ఆ కవరు సొరుగులో ఉండిపోయింది. అది ప్రిలిమినరీ నోటీసు. సబ్ కాంట్రాక్టరైనా, సామాను ఇచ్చినవాడైనా పని మొదలుపెట్టిన 20 రోజుల్లోపు దాన్ని పంపాలి. ఆలస్యమైతే, పంపడానికి ముందు 20 రోజుల నాటి పని వరకే హక్కు నిలుస్తుంది. దాని మీదే పెద్దక్షరాల్లో ఇంటి యజమానికి హెచ్చరిక ఉంటుంది: మీరు కాంట్రాక్టరుకు మొత్తం కట్టినా మాకు అందకపోతే లీన్ పడవచ్చు, ఇల్లు పోవచ్చు అని. నోటీసు రావడం గొడవకు గుర్తు కాదు. మీ ఇంట్లో ఎవరెవరికి డబ్బు అందాలో చెప్పే జాబితా అది. ఒక్కటీ పారేయకండి, వచ్చిన తేదీ వేసి దాచండి.

"కాంట్రాక్టరు చేత లీన్ రిలీజ్ మీద సంతకం పెట్టించుకో, చాలు." చాలదు. లీన్ హక్కు వదులుకుంటున్నామని రాసిచ్చే ఆ కాగితం నోటీసు పంపిన ప్రతి ఒక్కరి నుంచీ తీసుకోవాలి. ఆ ఫారాలు చట్టంలోనే నాలుగు రకాలు: మధ్యలో ఇచ్చే డబ్బుకు రెండు, ఆఖరి డబ్బుకు రెండు. ప్రతి జతలో ఒకటి డబ్బు అందితేనే చెల్లే షరతుతో, ఒకటి షరతు లేకుండా. చెక్కు చేతికిస్తూ షరతు ఉన్నది తీసుకోండి, చెక్కు పాసయ్యాక షరతు లేనిది తెప్పించుకోండి. రెండోది రాకుండా తర్వాతి వాయిదా ఇవ్వవద్దు. కాంట్రాక్టరు మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి.

"లైసెన్సుంది, బాండుంది." లైసెన్సు తప్పనిసరిగా చూడండి. కానీ మోసపోతే పరిహారం కోసం ఉండే ఆ బాండు 25,000 డాలర్లు మాత్రమే, అదీ అతని దగ్గర మోసపోయిన వాళ్లందరికీ కలిపి.

"అడ్వాన్సు గట్టిగా ఇస్తే రేటు తగ్గిస్తాడు." ఇంటి మరమ్మతు పనికి 1,000 డాలర్లు లేదా ఒప్పందంలో 10 శాతం, ఏది తక్కువైతే అంతకు మించి అడ్వాన్సు తీసుకోవడం అక్కడ చట్టవిరుద్ధం. అంతకన్నా ఎక్కువ అడిగితే వేరే మనిషిని చూసుకోండి.

"లీన్ పడితే పట్టించుకోకు, 90 రోజుల్లో అదే పోతుంది." ఆ 90 రోజులు వాళ్లు దావా వేయడానికి ఉన్న గడువు. వేస్తే ఇల్లు వేలం దాకా పోవచ్చు. వేయకపోతే లీన్‌కు బలం పోతుంది, కానీ రికార్డులో ఆ మచ్చ అలాగే ఉంటుంది. వాళ్లు తీసేయకపోతే కోర్టుకెళ్లి తీయించుకోవాల్సింది మీరే. ఈలోగా రీఫైనాన్సు గానీ అమ్మకం గానీ ఆగుతుంది.

ఇక కోపంలో అనే మాట ఒకటుంది: "లీన్లే రద్దు చేసెయ్యాలి." దీనికీ నేను ఒప్పుకోను. మోకాళ్ల మీద కూర్చుని టైల్స్ అతికిన మనిషికి కూలి అందకుండా కాంట్రాక్టరు మాయమైతే అతను ఎవరిని అడగాలి? అతని కష్టం పోకూడదు, ఇంటివాళ్లూ రెండుసార్లు కట్టకూడదు. యూటా రాష్ట్రం 1990లలోనే ఈ చిక్కు విప్పింది. లైసెన్సున్న కాంట్రాక్టరుతో రాతపూర్వక ఒప్పందం చేసుకుని పూర్తిగా చెల్లించిన ఇంటి యజమానికి అక్కడ రక్షణ ఉంది. డబ్బు అందని సబ్ కాంట్రాక్టరుకు ప్రత్యేక నిధి నుంచి ఇస్తారు. మిషిగన్ రాష్ట్రం ఇలాంటి తన నిధిని 2010లో ఎత్తేసినా, ఒప్పందం ప్రకారం చెల్లించిన మేరకు ఇంటి మీద లీన్ అంటదన్న నియమాన్ని ఉంచుకుంది. కాలిఫోర్నియా తన లీన్ చట్టాన్నంతా తిరగరాసి 2012 జులై 1 నుంచి అమల్లోకి తెచ్చింది. డబ్బు కట్టేసిన యజమాని గతి మాత్రం మారలేదు.

కాలిఫోర్నియాలో ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లు వేలల్లో ఉన్నారు. మీ అసెంబ్లీ సభ్యుడికి ఒక ఉత్తరం రాయండి, యూటా పద్ధతి ఎందుకు తేరని అడగండి. చట్టం మారేదాకా, ముందు మీ సొరుగులో ఉన్న ఆ కవర్లు విప్పండి.