మూడు మిల్లీమీటర్ల పంతం

అశోక్‌నగర్‌లో మా మేడమీది గదిలో పన్నెండడుగుల ప్లైవుడ్ బల్ల ఒకటి ఉంది. దానిమీద సగం కాచిగూడ స్టేషన్ ఉంది. గుమ్మటాలు టేబుల్ టెన్నిస్ బంతులు కోసి చేసినవి, మినార్లు ఎండిపోయిన స్కెచ్ పెన్నుల గొట్టాలు. నాలుగేళ్లలో ఆ స్టేషన్‌కు ఒక్క రైలు కూడా రాలేదు. ఎవరైనా అడిగితే పని జరుగుతోందని చెబుతాను. ముప్ఫయ్యేళ్లు సర్కారీ ఆఫీసులో అకౌంట్స్ చూసినవాణ్ణి, ఆ మాట నాకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు.

రైలు రాకపోవడానికి కారణం నేనే. చెప్పుకుంటే సిగ్గుచేటే గానీ, చెప్పకపోతే మా ఆవిడ చెబుతుంది, ఆవిడ చెబితే ఇంకా బాగా చెబుతుంది.

2016లో లండన్‌లో ఉండే మా మేనల్లుడు సెలవులకు వస్తూ ఒక హార్న్‌బీ రైలు సెట్టు తెచ్చిచ్చాడు. ఆకుపచ్చ పొగబండి ఇంజను, మూడు పెట్టెలు, గుండ్రంగా తిరిగే పట్టాలు. "మామయ్యా, మీకు రైళ్లంటే ఇష్టం కదా" అన్నాడు. ఇష్టమే. హాల్లో కుర్చీలు జరిపి పట్టాలు పరిచి, వారం రోజులు తిప్పాం. పట్టాల్లో ఒకదాన్లో ప్లస్, ఒకదాన్లో మైనస్, మొత్తం 12 వోల్టులు. చక్రాల్లోంచి మోటారుకు కరెంటు అందుతుంది. ఎనిమిదో రోజున నాకు బుద్ధి పుట్టింది. ఆ రకం బుద్ధి పుట్టకుండా ఉంటే ఈ కథే లేదు.

వెర్నియర్ కాలిపర్ తీసి పట్టాల మధ్య దూరం కొలిచాను. 16.5 మిల్లీమీటర్లు. ఆ ఇంజను అసలు ఇంజనులో డెబ్భై ఆరో వంతు. ఈ లెక్కన అసలు పట్టాల మధ్య 1254 మిల్లీమీటర్లే ఉండాలి. ఇంగ్లండులో పట్టాల మధ్య దూరం 1435. అంటే బండి ఒక కొలత, పట్టా ఒక కొలత! వందేళ్ల నాడు ఎవరో మోటారు పట్టడం లేదని ఇంజనును కాస్త పెద్దది చేసి, పట్టాను మాత్రం అలాగే వదిలేశారట. ఇంగ్లండులో పిల్లలూ ముసలివాళ్లూ ఇప్పటికీ దానిమీదే ఆడుకుంటున్నారు. నేను మాత్రం ఎక్కడో పద్దు తేలని లెడ్జరు చూసినట్టు ముఖం పెట్టాను. "ఇది రైలు కాదు, బొమ్మ" అని ఆ సెట్టును పెట్టెలో పెట్టి మా వాచ్‌మన్ కూతురికి ఇచ్చేశాను. ఇచ్చేటప్పుడు దానం చేస్తున్నంత గొప్పగా కూడా అనిపించింది. మా మేనల్లుడికి ఇప్పటికీ ఈ విషయం తెలియదు.

2018లో రిటైరయ్యాక పుణే వెళ్లాను. కోత్రూడ్‌లో జోషిగారి చిన్న రైళ్ల మ్యూజియం ఉంది, 1998లో తెరిచారు. ఊరంతా బల్లమీద కట్టి, దీపాలు వెలిగించి, రైళ్లు నడుపుతారు. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు, వాళ్ల తాతలూ కొడుతున్నారు. నేనొక్కణ్ణి మాత్రం అద్దానికి ముక్కు ఆనించి పట్టాల మధ్య దూరం అంచనా వేస్తున్నాను. ఇంటికొచ్చి ప్రకటించాను: మన కాచిగూడను కడతాను, ఎనభై ఏడో వంతులో, మన రైల్వే గేజులో, వెంట్రుకవాసి తేడా లేకుండా.

లోకంలో చిన్న రైళ్లకు ఎక్కువ చెల్లే కొలత ఎనభై ఏడో వంతే. హెచ్.ఓ. అంటారు. దాని పట్టా కూడా 16.5 మిల్లీమీటర్లే. కానీ మన బ్రాడ్‌గేజు లోకంలో చాలా గేజుల కన్నా వెడల్పు, 1676 మిల్లీమీటర్లు. ఎనభై ఏడుతో భాగిస్తే 19.26. బజార్లో దొరికే పట్టాకూ నాకు కావలసిన పట్టాకూ తేడా 2.76 మిల్లీమీటర్లు. మన దేశంలో ఈ సరదా ఉన్నవాళ్లు చాలామంది 16.5 పట్టామీదే డీజిలు ఇంజను పెట్టుకుని హాయిగా ఉంటారు. దూరం నుంచి చూస్తే తెలియదు, దగ్గర నుంచి చూసేవాడు మీ ఇంటికి రాడు అంటారు వాళ్లు. నేను ఒప్పుకోలేదు. దొరకకపోతే చేసుకుంటానన్నాను.

ఇక్కడ నా పనితనం గురించి నాలుగు మాటలు చెప్పుకోనివ్వండి, తర్వాత ఎలాగూ పరువు పోతుంది. కోఠీ గుజరాతీ గల్లీలో రాగి పూత ఉన్న పీసీబీ షీట్లు కొన్నాను, ఎలక్ట్రానిక్స్ పిల్లలు సర్క్యూట్లకు వాడతారే అవి. వాటిని హాక్సా బ్లేడుతో కోసి స్లీపర్లు చేశాను. మన సిమెంటు స్లీపరు పొడవు 2750 మిల్లీమీటర్లు కాబట్టి నా స్లీపరు 32 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. మెయిన్ లైన్లో కిలోమీటరుకు 1660 స్లీపర్లు వేస్తారు, అంటే అరవై సెంటీమీటర్లకొకటి, నా బల్లమీద ఏడు మిల్లీమీటర్లకొకటి. రెండు మీటర్ల పైచిలుకు లైనుకు 340 స్లీపర్లు కోశాను. ఒక్కొక్కదానిమీద రెండు పట్టాలకూ సోల్డర్ పెట్టాను. ఇత్తడి ముక్క రాకించి గేజు కట్టె చేసుకున్నాను. చక్రాల ఇరుసులు కూడా పొడవు పెరగాలి కదా, ముషీరాబాద్‌లో ఒక లేత్ షాపుకు వెళ్లాను. "ఇది ఏ బండికి సార్?" అన్నాడు పనివాడు, అగ్గిపుల్లంత ఇరుసును అరచేతిలో పెట్టుకుని. రైలుకన్నాను. అతను యజమాని వైపు చూశాడు. యజమాని నావైపు చూసి కుర్చీ వేయించాడు.

ఇదంతా 2020లో. లాక్‌డౌన్‌లో ఊరంతా మూతబడితే మా మేడమీద మాత్రం సోల్డర్ పొగ. చక్రాలు విదేశాల నుంచి తెప్పించుకోవాలి. ఆ ఏడాది బడ్జెట్‌లోనే ఆటబొమ్మలమీద దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60 శాతానికి పెంచారు. నేను చేసేది బొమ్మ కాదని నాలుగేళ్లుగా వాదిస్తున్నాను, కస్టమ్స్ లెక్కలో మాత్రం బొమ్మే. రశీదు మా ఆవిడ చూసింది.

340వ స్లీపరు ముగిసిన రోజు సాయంత్రం ఆవిడను పైకి పిలిచాను. కొబ్బరికాయ కొట్టాను. కంట్రోలర్ తిప్పాను. ఇంజను కదల్లేదు, కంట్రోలర్‌లో ఎర్రలైటు వెలిగింది. షార్ట్. వైర్లు మార్చాను. కంట్రోలర్ మార్చాను. ఇంజను విప్పాను. మూడు రోజులు తంటాలు పడ్డాను. నాలుగో రోజున మల్టీమీటర్ ఒక కొస ఈ పట్టామీద, రెండో కొస ఆ పట్టామీద పెడితే బీప్‌మంది. పట్టాలు తప్ప బల్లమీద ఇంకేమీ లేకపోయినా బీప్‌మంది.

అర్థమైంది కదా? నాకు అప్పటికీ కాలేదు. స్లీపర్లమీద ఉన్నది రాగి. ప్లస్ పట్టానూ మైనస్ పట్టానూ 340 చోట్ల నా చేత్తో నేనే రాగితో కలిపి, చక్కగా సోల్డర్ పెట్టాను. ప్రతి స్లీపరు నడుమా రాగిని ఆకురాయితో గీసి తెగ్గొట్టాలి. అది పట్టాలు అతికించక ముందు చేస్తే ఐదు నిమిషాల పని. అతికించాక అయితే నెల. నడుము వంచి ఆ నెలంతా గీశాను. మా ఆవిడ చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీలు ఎప్పుడు మొదలవుతాయా అని ఎదురుచూస్తున్న రోజులవి. కింది నుంచి గరగరమని ఆకురాయి చప్పుడు వింటూ, "రాగం పట్టుకున్నారు గానీ కీర్తన ఎప్పుడు?" అని అడిగేది.

గీయడం అయింది. ఇంజను కదిలింది. అడుగున్నర వెళ్లి ఆగింది, రెండు స్లీపర్ల రాగి సరిగా తెగలేదు. అవీ సరిచేశాను. ఇక రెండు రోజుల్లో మొదటి రైలు అనుకుంటుండగా, నిజామాబాద్ నుంచి మా అక్క వచ్చింది.

మా అక్క నాకన్నా ఏడేళ్లు పెద్ద. మా నాన్న ఔరంగాబాద్‌లో పనిచేసేటప్పుడు సెలవులకు కాచిగూడలో మన్మాడ్ బండెక్కి వెళ్లేవాళ్లం. నాకు అప్పుడు ఆరేళ్లు. నేను కడుతున్నది ఆ కాచిగూడే. 1916లో కట్టిన స్టేషన్, నిజాం రైల్వేకు ప్రధాన కార్యాలయంగా ఉన్నది. ఆ ప్లాట్‌ఫారమ్, ఆ నల్లటి ఇంజను, నా తలమీదుగా పోయిన ఆవిరి. కొండంత బండి అది, నాకు బాగా గుర్తు. అక్క బల్ల చుట్టూ తిరిగింది. గుమ్మటాలు చూసి మురిసింది. పట్టాల దగ్గర ఆగి, "ఇదేంట్రా ఇంత వెడల్పుంది? మనం ఎక్కింది చిన్న లైను బండి కదరా" అంది.

"చిన్న లైనేంటి?"

"మీటర్‌గేజిరా. మన్మాడ్ దాకా అదే. ఒకసారి అక్కడిదాకా వెళ్లినప్పుడు పెద్ద బండి చూసి నువ్వు ఏడ్చావు కూడా, జ్ఞాపకం లేదూ?"

ఏడ్చింది జ్ఞాపకం లేదు. తక్కినది లైబ్రరీకి వెళ్లి చూసుకోవాల్సిన అవసరం కూడా లేకుండా తలకెక్కింది. కాచిగూడ నుంచి గోదావరి లోయమీదుగా మన్మాడ్ దాకా వేసింది హైదరాబాద్ గోదావరి వ్యాలీ రైల్వే. పంతొమ్మిదో శతాబ్దం చివర మొదలుపెట్టి వేసిన మీటర్‌గేజు. దాన్ని బ్రాడ్‌గేజుగా మార్చింది చాలా కాలం తర్వాత. ఈ సంగతి నాకు తెలియనిది కాదు, పుస్తకాల్లో నాలుగుసార్లు చదివాను. చదివింది ఒక గదిలో, గుర్తున్నది ఇంకో గదిలో పెట్టుకున్నాను. ఆరేళ్లవాడికి ఏ బండైనా బ్రాడ్‌గేజే. 1000ని ఎనభై ఏడుతో భాగిస్తే పదకొండున్నర మిల్లీమీటర్లు. నా చిన్నప్పటి కాచిగూడకు 19.26 ఎంత తప్పో 16.5 అంత తప్పు కూడా కాదు.

పని ఆపేశాను. బల్లమీద పాత దుప్పటి కప్పాను. ఆ తర్వాత రెండేళ్లు ఆ గదిలోకి వెళ్లింది అప్పడాలు ఆరబెట్టడానికి మా ఆవిడే.

మా పక్క వాటాలో గ్రూప్స్‌కు చదివే కుర్రాడొకడు అద్దెకుంటాడు, వనపర్తి నుంచి వచ్చాడు. అశోక్‌నగర్‌లో ఇంటికొకరు ఇలాంటి పిల్లలు ఉంటారు. పొద్దున సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ పట్టడానికి పరుగు, రాత్రి బండి దగ్గర ఇడ్లీ, మధ్యలో బిట్లు. ఒకరోజు వాన పడితే మేడమీద ఆరేసిన బట్టలు తీయడానికి వచ్చి గదిలోకి తొంగిచూశాడు. దుప్పటి తీశాను. ఎవరైనా చూస్తామంటే ఇప్పటికీ తీస్తాను, ఆ జబ్బు తగ్గలేదు. నా విషాదమంతా చెప్పాను, 16.5, 19.26, పదకొండున్నర, అన్నీ. శ్రద్ధగా విన్నాడు. తర్వాత నారాయణగూడ వైపు చెయ్యి చూపించి అన్నాడు:

"సార్, మరి మెట్రో? అది స్టాండర్డ్ గేజ్ కద సార్. 1435. బిట్ వస్తది."

వాడు బట్టలు తీసుకుని వెళ్లిపోయాడు. నేను కాగితం తీశాను. 1435ని ఎనభై ఏడుతో భాగించాను. 16.49. మళ్లీ భాగించాను. 16.49.

2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి ఎంజీబీఎస్ దాకా పదకొండు కిలోమీటర్ల మెట్రో లైను తెరిచారు. ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ. మా మేడమీద నిలబడితే దాని చప్పుడు వినిపిస్తుంది. నేను 340 స్లీపర్లు కోసిన ఆ ఏడాదంతా, లాక్‌డౌన్ నెలలు తీసేస్తే, కొన్ని నిమిషాలకొకసారి ఆ రైలు నా వెనక నుంచి వెళుతూనే ఉంది. లోకంలో దొరికే అతి మామూలు హెచ్.ఓ. పట్టా, నేను తప్పని వెక్కిరించిన పట్టా, ఈ హైదరాబాద్‌లో అచ్చంగా సరిపోయే రైలు అదొక్కటే. ఆ పట్టా నా దగ్గర ఉండేది. గుండ్రంగా, పూర్తి సెట్టు.

గబగబా కిందికి దిగాను. ఏమని అడగాలో మెట్లమీదే అనుకున్నాను. ఇచ్చినదాన్ని తిరిగి అడగడం మర్యాద కాదు, కొత్త బొమ్మ ఏదైనా కొనిస్తానని చెబుదాం, కావాలంటే డబ్బులిద్దాం. వాచ్‌మన్ గది తలుపు తీసే ఉంది. నేలమీద పట్టాలు పరిచి ఉన్నాయి, మధ్యలో ఒక జాయింటు ఊడితే దారంతో కట్టారు. లోపల బియ్యం డబ్బా చుట్టూ ఆకుపచ్చ పొగబండి మూడు పెట్టెలతో తిరుగుతోంది. పట్టాల పక్కన ఖాళీ సబ్బు పెట్టెలు నిలబెట్టి, వాటిమీద పెన్నుతో రాసి ఉంది: చిక్కడపల్లి. నారాయణగూడ. సుల్తాన్ బజార్.

"ఇదేంటమ్మా?" అన్నాను.

"మెట్రో తాతా."

పొగబండి మెట్రో ఎలా అవుతుందని అనబోయాను. నాలుక కొసదాకా వచ్చింది. మింగేశాను. కూర్చుందామని చాప మీదికి అడుగు వేయబోతే ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది.

"కార్డేది?"

లేదన్నాను. ఆ పిల్ల నన్ను కాసేపు చూసి, డబ్బాలోంచి ఒక క్యారమ్ బిళ్ల తీసి, "టోకెన్ పది రూపాయలు" అంది.