మనవాడికి నూటికి నూరు

2014 ఫిబ్రవరి 4న సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. తెల్లారేసరికి మన ఇళ్లలో తీర్పు వచ్చేసింది. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివాడు, క్రికెట్ ఆడాడు, నాన్నగారు ఐఏఎస్, అనంతపురం జిల్లా మూలాలు. ఇంకేం కావాలి? ఆ కంపెనీ దేనిలో వెనకబడిందని అడిగినవాడు పానకంలో పుడక.

వాల్‌స్ట్రీట్ పండితులకు మనకన్నా ఓపిక ఎక్కువ. వంద రోజులాగి మార్కులేశారు. మొదటి పరీక్ష మార్చి 27న. ఐప్యాడ్‌లో వర్డ్, ఎక్సెల్ పనిచేస్తాయని నాదెళ్ల ప్రకటించడంతోనే శకం మారిందన్నారు. పదవిలోకొచ్చిన ఏడు వారాల్లో ఆయనేమీ రాత్రుళ్లు కూర్చుని ఆ ప్రోగ్రాం రాయలేదు. పాత సీఈఓ స్టీవ్ బామర్ హయాంలోనే అది తయారైంది, కొత్తాయన తెర లాగారంతే. ఇక నోకియా ఫోన్ల వ్యాపారం కొనడం కూడా బామర్ కుదిర్చిన బేరమే. ముందుగా అభిప్రాయం అడిగినప్పుడు తాను వద్దన్నానని నాదెళ్ల తర్వాత తన పుస్తకంలో రాసుకున్నారు. వద్దన్న మనిషే ఏప్రిల్ 25న దాన్ని మెళ్లో వేసుకున్నారు. అత్తగారు కాచిన పులుసుకి కొత్త కోడలికి మార్కులేయడమంటే ఇదే. బాగుంటే కోడలి చేతి చలవ, బాగోకపోతే కోడలి కాలి మహిమ.

జులై 10న ఉద్యోగులకు మూడు వేల పైచిలుకు మాటల లేఖ వచ్చింది. ఆశయం, ఆత్మ, సంస్కృతి అన్నీ ఉన్నాయందులో. ఎవరి ఉద్యోగం ఉంటుందో మాత్రం లేదు. అది తెలియడానికి సరిగ్గా వారం పట్టింది. 18,000 మంది వరకూ ఇంటికి, అందులో 12,500 నోకియా నుంచి వచ్చినవాళ్లే. ఆ కబురు మోసుకొచ్చిన నోకియా మాజీ సీఈఓ స్టీఫెన్ ఎలోప్ లేఖ దాచుకోదగ్గ కళాఖండం. "హలో" అని పలకరించి, ఫోన్ల వరసలూ వ్యూహాలూ సర్దుబాట్లూ వర్ణించుకుంటూ పోయి, పది పేరాలు దాటాక గానీ మనుషుల్ని తీసేస్తున్నామన్న మాట దగ్గరికి రాలేదు. అక్కడిదాకా చదివిన ఉద్యోగి తనకేదో కొత్త ఫోనిస్తారనుకుని ఉంటాడు. ఈ ఎలోప్‌కే నోకియా వదిలినందుకు సుమారు 2.4 కోట్ల యూరోలు ముట్టాయి, అందులో 70 శాతం మైక్రోసాఫ్టే భరించింది. ఫోన్లు అమ్మినందుకు కాదు, ఫోన్ల కంపెనీని అమ్మినందుకు.

ఆ కోత ప్రకటించిన పొద్దున మైక్రోసాఫ్ట్ షేరు 2000 సంవత్సరం తర్వాత ఎన్నడూ ఎక్కనంత ఎత్తుకెక్కింది. పండితులు దానికి "ధైర్యం" అని పేరు పెట్టారు. ఎవరి ధైర్యమో! ఏడాది తిరిగేసరికి నోకియా పద్దు కింద 760 కోట్ల డాలర్లు రద్దుచేసి, ఇంకో 7,800 ఉద్యోగాలు తీశారు. కుదిరిన బేరం 720 కోట్లది, రాసేసుకున్న నష్టం అంతకన్నా ఎక్కువ.

చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరులో నోకియా ఫ్యాక్టరీ ఉండేది. వేలమంది, వాళ్లలో ఎందరో ఆడపిల్లలు, షిఫ్టుల్లో నిలబడి ఫోన్లు బిగించేవారు. పన్ను తగాదా వల్ల అది మైక్రోసాఫ్ట్ చేతికి పోకుండా నోకియా దగ్గరే ఆగి, మైక్రోసాఫ్ట్‌కి ఫోన్లు చేసిపెట్టింది. పన్ను గొడవ నాదెళ్లది కాదు, నిజమే. ఆర్డర్లు ఆపింది మాత్రం ఆయన కంపెనీయే. 2014 నవంబర్ 1న లైను ఆగిపోయింది. మన తడ సరిహద్దుకి ఆ ఫ్యాక్టరీ పెద్ద దూరమేం కాదు. సియాటిల్ మాత్రం ఇంకా దగ్గర, "మనవాడు" అక్కడే ఉన్నాడు కదా.

ఆ ఏడాది పాతాయన మీదికి నెట్టడానికి వీల్లేని సొంత ఘనత ఒకటుంది. అక్టోబర్ 9న ఫీనిక్స్‌లో, సాంకేతిక రంగంలోని మహిళల సభలో, జీతం పెంచమని అడగడానికి జంకేవాళ్లకి సలహా ఏమిటన్నారు. అడగడం కాదు, వ్యవస్థ తగిన పెంపు ఇస్తుందని నమ్మాలి, అడగకపోవడం మంచి కర్మ అని సెలవిచ్చారు నాదెళ్ల. ప్రశ్న వేసిన మరియా క్లావ్ అప్పట్లో ఆయన కంపెనీ బోర్డు సభ్యురాలే. ఆ మాట ఒప్పుకోనని వేదిక మీదే చెప్పారు. ఆ రోజే ఆయన తప్పు ఒప్పుకున్నారు, అదైనా నయం.

అక్టోబర్ 20న కంపెనీ కాగితాలు బయటికొచ్చాయి. ఆ ఏడాదికి ఆయన ప్యాకేజీ 8 కోట్ల 43 లక్షల డాలర్లు. ఎక్కువ భాగం ఏళ్ల తర్వాత గానీ చేతికి రాని షేర్లేననుకోండి. అడగాల్సిన పని పడిందో, వ్యవస్థను నమ్మి ఊరుకున్నారో ఆ కాగితాల్లో రాయలేదు. మనవాళ్లకి ఆ శంక రాలేదు. అంకెను రూపాయల్లోకి మార్చి, రోజుకెంతో గంటకెంతో విడగొట్టి, పక్కింటి పిల్లాడికి వినబడేలా పైకి చదివారు.